ఎండుమానుల లెక్క: నల్లమలలో శిలీంద్రాల పురుగులు, డెల్టాలో వాటి చుట్టాలు

2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. జాతీయ పార్కుల్లోంచి, అభయారణ్యాల్లోంచి చచ్చిన చెట్టు, జబ్బుపడ్డ చెట్టు, గాలికి కూలిన చెట్టు, నీటికి కొట్టుకొచ్చిన దుంగ, ఆఖరికి గడ్డి కూడా బయటికి తీసుకుపోకూడదన్నది దాని సారాంశం. అడవుల వ్యవహారంలో గోదావర్మన్ కేసుగా పేరుపడ్డ దావాలో అదొక భాగం. ఎండుకట్టె పేరు చెప్పుకుని పచ్చిచెట్టు కూడా లారీ ఎక్కేస్తుందన్న భయం అడవి తెలిసిన వాళ్ళందరికీ ఉన్నదే. పురుగుల్ని తలచుకుని ఇచ్చిన ఉత్తర్వు కాదది. అయినా, శిలీంద్రాల మీద బతికే పెంకుపురుగులకు ఈ దేశంలో ఇంతకన్నా మేలు చేసిన కాగితం మరొకటి లేదనిపిస్తుంది. ఎందుకంటే వాటి ఇల్లూ పొలమూ కూడా ఆ చచ్చిన చెట్టే.

పాతికేళ్ళుగా అలా వదిలేసిన మానుల్లో ఏమేం చేరాయన్నది ఈ సమీక్షకు మూలప్రశ్న. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళకు ఆ ప్రశ్నతో ఏం పని అని అడగొచ్చు. మూడూ చదును నేలలే, కనుచూపు మేరలో కొండ ఉండదు. కానీ తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి నంద్యాల వైపు రైలెక్కితే, గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి గాజులపల్లె దాకా పట్టాలు నల్లమల నడుమనుంచే పోతాయి. మనకు దగ్గర్లో ఉన్న రక్షిత పర్వతారణ్యం అదే. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి, దానికి ఆనుకుని 1990లో ఏర్పడిన గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం కలిసి మూడువేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇక ఆ అడవి పురుగుల దగ్గరి చుట్టాలు మన గోడౌన్లలో, మాగాణుల్లో, కొబ్బరి తోటల్లో ఎప్పటినుంచో ఉన్నాయి.

ముందు శిలీంద్రానికీ పురుగుకూ లంకె ఏమిటో చూడాలి. ఉత్త చెక్క తిని బతకడం చాలా కష్టం. దానిలో ఉన్నదంతా సెల్యులోజు, లిగ్నిను, నత్రజని నామమాత్రం. శిలీంద్రం తన సన్నటి దారాలతో ఆ చెక్కను కరిగించుకుని, దొరికిన కాస్త నత్రజనినీ తన ఒంట్లో కూడగట్టుకుంటుంది. పురుగు దాన్ని తింటుంది. నేరుగా పుట్టగొడుగునో, మాను మీద పలకలా పెరిగే గట్టి శిలీంద్రాన్నో కొరికి తినేవి కొన్ని. నల్లటి వీపు మీద నారింజ పట్టీలుండే ఎరోటిలిడే కుటుంబం వాటిలో చూడముచ్చటైనది. మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల లోపే ఉండే సియిడే కుటుంబపు పురుగులు పలక శిలీంద్రం లోపలే పుట్టి, లోపలే పెరిగి, దాన్ని పొడిపొడి చేసేదాకా బయటికి రావు. ఆకు మీది బూడిద తెగులును గీక్కు తినే అక్షింతల పురుగులు ఇంకో రకం. శిలీంద్రాన్ని తామే సాగుచేసుకునేవి మరో రకం. కడుపులో పెట్టుకు తిరిగేవి కూడా ఉన్నాయి. ఇన్ని రకాల బతుకుల్ని ఒకే పేరు కింద కలిపేసి ‘శిలీంద్రాల పురుగులు’ అనడం వల్ల సర్వేల్లో బోలెడు గందరగోళం వచ్చింది. ఒకదానికి పనికొచ్చే ఎర ఇంకోదానికి ఎందుకూ కొరగాదు.

మన చేతిలో ఉన్న పుస్తకాల సంగతి చూద్దాం. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల మీద రాసిన గ్రంథం 1914లో మద్రాసులో అచ్చయింది. 1940లో రామకృష్ణ అయ్యర్ వ్యవసాయ కీటకశాస్త్ర కరదీపిక వచ్చింది. రెండూ గొప్ప పుస్తకాలే, రెండిటి ధ్యాసా పైరు మీదే. శిలీంద్రాల పురుగుల కుటుంబాల మీద సూటిగా రాసినది గిల్బర్ట్ ఆరో. బ్రిటిష్ ఇండియా జంతుజాల శ్రేణిలో 1925లో వచ్చిన ఆయన సంపుటం ఎరోటిలిడే, లాంగూరిడే, ఎండోమైకిడే కుటుంబాలకు ఇవాళ్టికీ మొదట తెరవాల్సిన పుస్తకం. నూరేళ్ళు నిండిన పుస్తకాన్ని ఇంకా మొదట తెరవాల్సి రావడమే ఈ రంగం ఎక్కడ ఆగిందో చెబుతుంది. 1941లో డెహ్రాడూన్ నుంచి బీసన్ తెచ్చిన అటవీ కీటకాల గ్రంథంలో కలపను తొలిచే పురుగుల జీవితం ఓపిగ్గా ఉంది. కానీ అది కూడా కలప వ్యాపారం కళ్ళతో చూసిందే. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ పుట్టింది 1916లో. రాష్ట్రాల జంతుజాల గ్రంథమాలలో ఐదో వరుసను ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించి సంపుటాలు తెచ్చింది. అవి జాబితాలుగా విలువైనవే. ఫలానా పురుగు ఫలానా ఊళ్ళో, ఫలానా తేదీన దొరికిందని చెబుతాయి. ఏ మాను మీద, ఏ శిలీంద్రంలో అన్నది ఆ తరహా జాబితాలో ఇమడదు. ఈ పురుగుల విషయంలో ఆ రెండూ రాయకపోతే తక్కిన వివరాలన్నీ ఉన్నా సగమే.

ఇలాంటి జాబితాల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో ఒక సాలీడు కథ చెబుతుంది. పోకాక్ 1899లో పేరుపెట్టిన నీలిరంగు టారంటులా దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. వందేళ్ళ పాటు దాని ఊరు గుత్తి అనే లోకం అనుకుంది. 2001లో అది నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో, చెట్టు తొర్రల్లో మళ్ళీ కనిపించింది. కట్టెతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. మెరిసే నీలిరంగు ఒళ్ళు, అరచేయంత కాళ్ళ విస్తీర్ణం ఉన్న జీవికే సొంతూరు తేలడానికి అంతకాలం పట్టింది. రెండు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగుకు ఎంత పడుతుందో ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు.

మన వ్యవసాయ కేంద్రాల్లో పురుగుల లెక్కకు అలవాటైన పరికరం దీపపు ఎర. వరిలో సుడిదోమకు, కాండం తొలుచు పురుగుకు దానికి మించింది లేదు. శిలీంద్రాల పురుగులకు మాత్రం అది తప్పుడు పరికరం. వచ్చేవి వస్తాయి, సియిడేల వంటివి తమ పలకను వదిలి దీపం కోసం రావు. వాటిని పట్టాలంటే శిలీంద్రాన్నే కోసి తెచ్చుకోవాలి. ఒక్కో పలకను విడిగా ఒక్కో డబ్బాలో వేసి, మూతికి సన్నటి గుడ్డ కట్టి, చెట్టు పేరు, శిలీంద్రం పేరు, అది పచ్చిగా ఉందా ఎండిందా పుచ్చిందా అన్నది చీటీ మీద రాసి, నెలల తరబడి ఎదురుచూడాలి. లోపలి పిల్లపురుగులు ఎదిగి ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఉత్తర అమెరికాలో జాన్ లారెన్స్ 1973లో ప్రచురించిన పని ఇలాంటి ఓపిక ఫలమే. సియిడేలు కనిపించిన శిలీంద్రమల్లా తినవనీ, ఒక్కో జాతికి ఇష్టమైన శిలీంద్రాల గుంపులు ఉంటాయనీ ఆయన చూపించారు. ఆ తర్వాత ఈ రంగంలో వచ్చిన మంచి పనికంతా అదే పునాది.

డబ్బా పద్ధతిని మించి సూక్ష్మంగా వెతికితే ఏం దొరుకుతుందో కొలంబియాలోని చికాకే అభయారణ్యం చూపింది. అది కొండమీది మబ్బుల అడవి. అక్కడ పలక శిలీంద్రం అడుగున ఉండే సన్నటి రంధ్రాల్లో రష్యా శాస్త్రవేత్త పోలిలోవ్ వెతికి తీసిన పురుగు, స్కిడోసెల్లా, 0.325 మిల్లీమీటర్ల పొడవుంది. స్వతంత్రంగా బతికే కీటకాల్లో ఇంతకన్నా చిన్నదాన్ని ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. 2015లో ఆ కొలత ప్రకటించారు. ఆ రంధ్రమే దానికి ఊరు, అందులోని బీజాలే తిండి. అమెరికాలో గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కు 1998లో సకల జీవుల లెక్క మొదలుపెట్టి, వాలంటీర్లనూ బడిపిల్లలనూ కూడా అందులో దింపింది. జర్మనీలో బవేరియా అరణ్య జాతీయ పార్కు 1980ల నుంచి గాలివానకు కూలిన చెట్లను కూలినచోటే వదిలేయడం మొదలుపెట్టింది. అడవి పాడైపోతోందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గొడవ చేశారు. ఇవాళ ఎండుమాను పురుగుల మీద యూరప్‌లో జరిగే పరిశోధనకు ఆ అడవే పెద్ద బడి. మనకు ఆ పని కోర్టు చేసిపెట్టింది. అధ్యయనం మాత్రం వెంట రాలేదు. ఎండుమానుల పురుగుల్లో లెక్కకు తీసుకున్న వాటిలో సుమారు 18 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని యూరప్ 2018లో చెప్పగలిగింది. అలాంటి ఒక శాతం చెప్పడానికి కావలసిన పునాది లెక్కే నల్లమలకు ముందు కట్టుకోవాలి.

ఇక సాగు చేసుకునే పురుగులు. వీటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే లోకమంతా భయపడేది వీటికే. చెట్టు కాండం మీద గుండుసూది పట్టేంత బెజ్జం, దాని నుంచి తెల్లటి చెక్కపొడి పుల్లలా సాగి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వేలు తగిలితే రాలిపోతుంది. కాండం చీల్చి చూస్తే సన్నటి సొరంగం, దాని గోడలు నల్లగా మరకలు పట్టి ఉంటాయి. ఆ మరకే పొలం. తల్లిపురుగు ఒంట్లో ఒక చిన్న సంచి ఉంటుంది. రైతు విత్తనాల మూట చంకన పెట్టుకున్నట్టు శిలీంద్ర బీజాలను అందులో దాచి తెచ్చి, తొలిచిన సొరంగం గోడలకు అంటిస్తుంది. చెక్కను తినదు, తవ్వి బయట పారేస్తుంది. తల్లీ పిల్లలూ తినేది గోడల మీద పెరిగిన శిలీంద్రాన్నే. వీటిలో జైలెబొరస్ గుంపులో మగవి బహు తక్కువ, వాటికి ఎగరడం రాదు; ఆడపురుగులు సొరంగంలోనే తోబుట్టువులతో జతకట్టి బయటికొస్తాయి. అంటే ఒక్క ఆడపురుగు చాలు, కొత్త దేశంలో సంసారం పెట్టడానికి.

2002లో అమెరికాలో సవానా రేవు పక్కన ఒక ఎరలో పడ్డ జైలెబొరస్ గ్లాబ్రేటస్ ఇలాంటిదే. ఆసియా పురుగు, మన ఈశాన్యంలోనూ ఉన్నదే. సరుకు కట్టిన చెక్కపెట్టెలతో పాటు ఓడెక్కి వెళ్ళి ఉంటుందని భావిస్తున్నారు. ఇక్కడి అడవుల్లో అది చచ్చే చెట్ల మీద బతికే మామూలు పురుగు. అక్కడ దాని వెంట వెళ్ళిన శిలీంద్రం రెడ్‌బే చెట్లను కోట్ల సంఖ్యలో చంపింది. సొంత అడవిలో అది ఏ చెట్టు మీద ఎలా బతుకుతుందో ముందే బాగా తెలిసి ఉంటే ప్రమాదాన్ని కాస్త ముందుగా పసిగట్టి ఉండేవారు. రక్షిత అడవిలో సర్వే ఎందుకన్న ప్రశ్నకు పర్యావరణ ప్రేమ అవసరం లేని జవాబు ఇది. మన తూర్పు కనుమల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆఫ్రికా నుంచి బయల్దేరి 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో అడుగుపెట్టిన కాఫీ కాయతొలుచు పురుగు, 2025లో అరకు లోయ తోటల్లో బయటపడింది. ఇది సాగుచేసే రకం కాదు గానీ అదే కుటుంబంలోది. దాన్ని అదుపు చేయడానికి వాడే మందుల్లో బవేరియా అనే శిలీంద్రమూ ఒకటి.

ఇప్పుడు డెల్టాకు దిగుదాం. తెనాలికీ విజయవాడకూ మధ్య దుగ్గిరాల పసుపు యార్డు అందరికీ తెలిసిందే. గోడౌన్లో ఏడాది నిలవున్న పసుపు కొమ్మును అరచేతిలో తట్టి చూస్తే, సన్నటి బెజ్జాల నుంచి పచ్చటి పొడి రాలుతుంది. వ్యాపారి పుచ్చు పట్టిందంటాడు. పుచ్చుకు కారణం సాధారణంగా సిగరెట్ పురుగో, దానికి దగ్గరిదైన మందులకొట్టు పురుగో. రెండూ గోధుమరంగువే, మూడు మిల్లీమీటర్ల లోపువే. గుంటూరు పొగాకు గోడౌన్లకూ ఇవి పాత చుట్టాలే. పసుపు, పొగాకు, మిరియం, కారం: ఘాటైన సరుకులన్నీ ఎలా తిని అరాయించుకుంటాయి? వాటి పేగు మొదట్లో చిన్న చిన్న గదులుంటాయి, వాటినిండా ఈస్టును పోలిన సింబియోటాఫ్రైనా అనే శిలీంద్రం ఉంటుంది. తిండిలో లేని విటమిన్లను అది సమకూరుస్తుంది, విషాలను విరగ్గొట్టడంలో సాయపడుతుంది. తల్లి గుడ్డు పెట్టేటప్పుడు పైపెంకుకు ఆ శిలీంద్రాన్ని పూస్తుంది. పిల్ల ఆ పెంకును కొరుక్కుంటూ బయటికొచ్చి, తల్లి ఇచ్చిన ఆస్తిని మొదటి ముద్దతోనే మింగుతుంది. నల్లమల మానులో జరిగే వ్యవహారమే ఇక్కడ కడుపులోకి మారింది. ఈ సంగతి తెలియకుండా పసుపు నిలవ గురించి ఎన్ని మీటింగులు పెట్టుకున్నా సగం మాటే మాట్లాడుకున్నట్టు.

రైసు మిల్లుల్లో సంగతి వేరు. ధాన్యం రాశిలో అహాస్వెరస్ అనే పురుగు కనబడితే అది గింజను తినడానికి వచ్చింది కాదు, గింజ మీది బూజును తినడానికి వచ్చింది. ఒంటినిండా నూగు ఉండే టైఫియా కూడా అంతే. ధాన్యం కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. అది దాటి, మూటల మధ్య వేడెక్కి, బూజు పట్టాకే ఇవి చేరతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కుప్పల మీద ఉన్న పంట తడిసింది. అలాంటి ఏడాది ఈ పురుగులు తేమమీటరు చెప్పని మాట చెబుతాయి. మీటరు చూసేది పైమూటను, ఇవి తిరిగేది రాశి లోపల. వీటిని చూడగానే మందుపొగ పెట్టడం అలవాటు. పొగ పెడితే పురుగు చస్తుంది, బూజు మిగులుతుంది.

బాపట్ల వైపు వరి మాగాణి మినుములో ఇంకో అందమైన ఉదాహరణ దొరుకుతుంది. కోతకు ముందు వరిలోనే చల్లిన మినుము, నేలలో మిగిలిన తేమతో, మంచుతో పెరుగుతుంది. చలిలో ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా పరుచుకుంటుంది. అప్పుడు ఆకు తిప్పి చూస్తే నిమ్మపండు రంగులో మచ్చల్లేని రెక్కలు, మెడ మీద రెండు నల్ల చుక్కలు ఉన్న చిన్న పురుగు కనిపించవచ్చు. పేరు ఇలైస్ సింక్టా. దాని పిల్ల పసుపుపచ్చగా నల్ల చుక్కలతో ఉంటుంది. తల్లీ పిల్లా ఇద్దరూ తినేది ఆ బూడిదనే, ఆకును ముట్టుకోవు. వంగ ఆకును జల్లెడ చేసే పురుగునూ, పేనుబంకను తినే మేలుచేసే పురుగునూ, దీన్నీ కూడా రైతు అక్షింతల పురుగు అనే అంటాడు. కాబట్టి బూడిద మీద పురుగు కూడా కనబడేసరికి తెగులుకూ పురుగుకూ కలిపి మందు కొట్టేస్తాడు. ఇలైస్ ఒక్కటే తెగులును ఆపేస్తుందని నేననను. బూడిద బాగా ముదిరాకే అది గుంపులుగా వస్తుంది. కానీ దాని మీద అనవసరంగా పోసే పురుగుమందు ఖర్చు మాత్రం నిజం.

రేపల్లె తోటల్లో కొబ్బరి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గానోడెర్మా అనే శిలీంద్రం సోకి, మొదలు దగ్గర బంక కారే చెట్టుకు గుండుసూది బెజ్జాలు పెట్టేది జైలెబొరస్ పెర్ఫొరాన్స్. జబ్బు తెచ్చింది అది కాదు, వాసన పట్టి వచ్చింది. కుళ్ళే చెట్టు నుంచి వెలువడే ఆల్కహాలే దానికి పిలుపు. పేడదిబ్బల్లో కొమ్ముపురుగు పిల్లలను చంపే పచ్చబూజు, మెటారైజియం, ఈ కథకు తిరగేసిన రూపం. అక్కడ శిలీంద్రమే పురుగును తింటుంది. మెచ్నికోవ్ 1879లోనే దాన్ని గోధుమ పురుగు మీద ప్రయోగించి చూశాడు.

ఇన్ని ఉదాహరణలు ఒకచోట పెడితే తేలేదేమిటంటే, మన కృష్ణా డెల్టా ప్రాంతానికి శిలీంద్రాల పురుగులు తెగుళ్ళుగానే పరిచయం. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి తరాల కీటకశాస్త్రజ్ఞులు బయటికొచ్చారు. పెంకుపురుగు కాలు, కొమ్ము, మీసం చూసి పేరు చెప్పగల చేతులు తయారైన చోటు అది. ఆ చదువు పంట చేను గట్టు దాటి అడవిలోకి వెళ్ళడం అరుదు. వ్యవసాయం ఒక శాఖ, అడవి మరో శాఖ అన్న గోడే కారణమని నా అభిప్రాయం. శ్రీశైలం దగ్గర సున్నిపెంటలో అటవీశాఖకు జీవవైవిధ్య పరిశోధన కేంద్రం ఉంది. ఈ రెండిటి మధ్య ఒక ఒప్పందం కాగితం నడిస్తే మొదటి సర్వేకు కొత్త సంస్థ ఏదీ అక్కర్లేదు.

ఆ సర్వే ఎలా ఉండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. మొదటిది, లెక్కకు యూనిట్ పురుగు కాకూడదు, మాను కావాలి. తపసి, అండుగ వంటి మెత్తటి కలప చెట్లు తొందరగా పుచ్చుతాయి. నల్లమద్ది, ఏగి, చిరుమాను ఏళ్ళు తీసుకుంటాయి. ఒక్కో జాతిలో నిలబడి ఎండినవీ, నేల మీద పడినవీ, పుచ్చి చివికినవీ విడివిడిగా గుర్తుపెట్టి, వాటి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. పుట్టగొడుగు ఆయుష్షు కొద్ది రోజులే, కాబట్టి తొలివానల్లోనూ ఈశాన్య రుతుపవనంలోనూ మనుషులు అడవిలోనే ఉండాలి. గట్టి పలకలు ఎండాకాలంలోనూ ఉంటాయి గనుక డబ్బాల పని ఏడాది పొడవునా సాగుతుంది. రాత్రి టార్చి లైటుతో పలకల మీద వెతకడం చౌకైన పద్ధతి. పగలు కనపడని ఎరోటిలిడేలు, టెనెబ్రియోనిడే అనే మరో కుటుంబపు పెంకుపురుగులు అప్పుడే మేతకు వస్తాయి. దొరికిన పలకలన్నీ కోసుకు రాకూడదు. కనీసం సగం మాను మీదే వదలాలి, లేకపోతే సర్వేనే ఆ మానుకు గొడ్డలి అవుతుంది.

రెండోది నిప్పు. కోర్టు ఉత్తర్వు గొడ్డలిని ఆపింది, నిప్పును ఆపలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో పాకే నేలమంట పచ్చి చెట్టును వదిలేసి ఎండు దుంగనే ముందు పట్టుకుంటుంది. కాలిన చోట్లూ కాలని చోట్లూ పక్కపక్కన పెట్టి చూడని సర్వే అసలు ప్రశ్నను దాటవేసినట్టే. ఏ లోయ ఏ ఏడు కాలిందో, ఏ మాను ఎప్పుడు కూలిందో తేనెకూ, తపసి బంకకూ ఏళ్ళ తరబడి అదే దారిన తిరిగే చెంచులకు తెలుస్తుంది. వాళ్ళను మూటలు మోయడానికి మాత్రమే పెట్టుకునే పద్ధతి మానేసి, సర్వే బృందంలో జీతమిచ్చి చేర్చుకోవాలి.

శిలీంద్రానికి పేరు పెట్టేవారు పక్కన లేకుండా పురుగుకు పేరు పెట్టి లాభం లేదు. కాబట్టి వృక్షవ్యాధి శాస్త్రం వాళ్ళు, కీటకశాస్త్రం వాళ్ళు ఒకే జీపులో వెళ్ళాలి. బాపట్లలో ఆ రెండు విభాగాలూ ఒకే ఆవరణలో ఉన్నవే. డీఎన్ఏ బార్‌కోడ్ అన్నీ తేల్చేస్తుందన్న ధీమా ఈమధ్య బాగా వినబడుతోంది. పోల్చుకోవడానికి ముందుగా పేరు తేలిన నమూనా ఉంటేనే బార్‌కోడుకు అర్థం. ఆ నమూనా తేవడానికి డబ్బా, గుడ్డ, చీటీ తప్పవు.

ఒక్క విషయంలో పట్టుబట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. సాగుచేసే పురుగుల కోసం ఆల్కహాలు ఎరలను పులుల అడవి నడిబొడ్డున పెట్టాలని కొందరి వాదన. సీసా, కాస్త ఆల్కహాలు, అడుగున సబ్బునీళ్ళు: ఖర్చు లేని ఎర, పడేవి వందల్లో పడతాయి. కానీ కొత్తగా దిగే పరాయి పురుగు ముందు అడుగుపెట్టేది అడవి నడిబొడ్డున కాదు, కలప దిగేచోట. కాబట్టి ఆ ఎరలు దిగువమెట్ట, చలమ, గాజులపల్లె స్టేషన్ల పక్కన, గుంటూరు, తెనాలి కలప అడితీల్లో, నిజాంపట్నం రేవులో పడవలు కట్టే చోట పెట్టాలి. అక్కడైతే వన్యప్రాణి చట్టం కింద అనుమతి కోసం నెలలు ఆగనక్కర్లేదు. ఈ వానాకాలమే మొదలుపెట్టొచ్చు.